ఆకు కొన

చూలై పేటలో తయారయ్యే మోటారు విడిభాగాలు అమ్ముతూ జనార్దనం ఊళ్లు తిరిగేవాడు. ఎక్కడున్నా మధ్యాహ్నం భోజనం ఫోటో తీసి భార్య అమ్మణికి పంపేవాడు. గొంతులో క్యాన్సర్ అని తేలిన మూడు వారాలకే పోయాడు.

పదకొండో రోజున కూతురు శ్రీప్రియ అమ్మ ఫోనులో ఆ ఫోటోలు తెరిచింది.

"మదురైలో చూడుమా, నాన్న ఎంత బాగా తిన్నాడో!"

మదురై అనగానే అమ్మణికి పెళ్లయిన కొత్తలో అక్కడ తిన్న భోజనం గుర్తొచ్చింది. అరిటాకు కొన తన ఎడమ పక్కకు రాలేదని ఆయన సర్వరు మీద విరుచుకుపడ్డాడు. ఆకు తిప్పి వేసేదాకా అన్నం ముట్టలేదు. అంత మొండిఘటం.

ఆమె ఫోను లాక్కుని ఒక్కో ఫోటో జరిపింది. చివరి ఆరు నెలల ప్రతి ఫోటోలోనూ కొన కుడివైపే ఉంది.

"ఇవి మీ నాన్న ఆకులు కాదే. ఎదురుగా కూర్చున్నోళ్లవి. మింగలేక, ఆడ ఊరికే కూర్చుని ఎవరి అన్నమో నాకు చూపించినాడు."

ప్రతి ఫోటో కిందా ఆమె పంపిన జవాబు అలాగే ఉంది: "ఆకులో ఏమీ మిగల్చకండి."