ఆదికిచ్చిన వెయిస్ట్‌కోటు

ఆఖరి గుండీకి దారం నాలుగు చుట్లు చుట్టి, ముడి వేసి, పార్థసారథి దాన్ని పంటితో కొరికాడు. కత్తెర చేతి పక్కనే ఉంది. ఉంటే ఉండనీ. ఆఖరి దారం పంటితో తెంపడం చీరాలలో పని నేర్చుకున్ననాటి అలవాటు, అందువల్ల పైవరసలో ఒక పన్ను అరిగి వంకర కూడా తేలింది. వెయిస్ట్‌కోటును బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టె ఆవిరి వదిలాడు. వంకాయరంగు పట్టు, లోపల బూడిదరంగు లైనింగు. ఆవిరి మెల్లగా లేచి అద్దాల తలుపు మీద కూర్చుంది. వీధి మసకబారింది. ఎదురుగా ఉన్న పసుపు తలుపు నీళ్ళలో వేసిన పసుపులా కరిగిపోయింది.

ఆ తలుపు బారుది, బారు ఎమ్లిన్‌ది. ఈ సాయంత్రం ఐదింటికి ఎమ్లిన్ చెల్లెలు కారు వేసుకొచ్చి, ఆయన్ను ఉత్తరాన సముద్రం పక్కనున్న తన ఊరికి తీసుకుపోతుంది. మందులిక పనిచేయవని ఆస్పత్రిలో చెప్పేశారు. పదిహేడేళ్ళుగా పార్థసారథి ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది చెప్పడం చేతగాక ఏడాదికొక వెయిస్ట్‌కోటు కుడుతూ వచ్చాడు. ఇది పదిహేడోది. ఇక ఈ ఒక్క పగలే మిగిలింది.

సముద్రాల అవతల, కార్డిఫ్ నడిబొడ్డున అదొక చిన్న వీధి. ఇటు నుంచి అటు నాలుగు నిమిషాల నడక. కిటికీలకు ఇంద్రధనుస్సు జెండాలు, వానకు తడిసిన రాళ్ళ మీద వాటి నీడలు. మగవాళ్ళు మగవాళ్ళ చేతులు పట్టుకుని, ఆడవాళ్ళు ఆడవాళ్ళ భుజాల మీద తల వాల్చి, వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచే వీధి. పార్థసారథి మాత్రం ఆ వీధిని బట్టల్లోంచే చూశాడు. పుస్తకాల షాపావిడ మోచేతులు ముందు చిరుగుతాయి. రెస్టారెంటులో గురువారం గురువారం వచ్చి ఒకే పళ్ళెంలో తినే ఇద్దరు ముసలమ్మల కోట్లకు ఒకే రకం గుండీలు. క్లబ్బులో పాడేవాళ్ళ గౌన్ల చమ్కీలు అతని షాపు నేల సందుల్లో ఏడాది పొడుగునా మెరుస్తాయి. ఇంత తెలిసిన మనిషి ఆ వీధిలో ఒక్క గుమ్మం తొక్కలేదు. బారుకు బట్టలివ్వాల్సి వస్తే సంచీలో పెట్టుకుని వెనక సందులోంచి వెళ్ళేవాడు. తెలుగువాళ్ళెవరైనా చూస్తే డెలివరీ అనుకుంటారని ధైర్యం. ఏం ధైర్యమో!

తెలుగువాళ్ళకు అతనితో పని ఉంది మరి. చీరకు ఫాల్ వేయాలన్నా జాకెట్టు కుట్టాలన్నా ఊళ్ళో వేరే దిక్కు లేదు. 'వీధి అదో రకం గానీ, ఆయన చెయ్యి మంచిది' అనుకుంటూ వచ్చేవాళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని మొదట్లో అడిగారు, సంబంధాలు చెప్పారు. అరవై ఒకటి వచ్చాక మానేశారు, దేవుడి దయ.

పదకొండింటికి స్రవంతి వచ్చింది. కాకినాడ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గోడవారనున్న బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీకి అవతలి చివర ఆరడుగుల మనిషి ఒకాయన, ఒళ్ళో వెండిరంగు గౌను పరుచుకుని కూర్చున్నాడు. వారమంతా ఆఫీసు, శనివారం క్లబ్బులో పాట. స్రవంతి కాసేపు కిటికీ వైపు చూసింది, కాసేపు ఫోను చూసుకుంది, ఉండబట్టలేక గౌను అంచు పట్టుకుని ఆ చమ్కీ పని ఎక్కడ చేయించారని ఇంగ్లీషులో అడిగింది. తానే మూడు నెలలు కూర్చుని కుట్టుకున్నానన్నాడాయన. ఆమె నోరు తెరిచింది. తరువాత పది నిమిషాలూ ఇద్దరికీ టైలరు అక్కర్లేకపోయింది.

"అంకుల్, చేతులు కొంచెం పొడుగు పెట్టమన్నాను, గుర్తుందా?" లేస్తూ అడిగింది.

"గుర్తుందమ్మా. నాలుగున్నరకి రండి, ఇచ్చేస్తాను."

"నాలుగున్నరంటే నాలుగున్నరేనా? పోయినసారి నాలుగన్నారు, ఆరు చేశారు. రేపు పొద్దున్నే గృహప్రవేశం అంకుల్."

"ఈసారి నాలుగున్నరే. ఆది జాకెట్టు కూడా అప్పుడే తీసుకెళ్దురు గాని."

ఆది సంగతి చెప్పాలి. మన దగ్గర టైలరు ఆడవాళ్ళ ఒంటికి టేపు పెట్టడు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదికిస్తే, దాన్ని బల్ల మీద పరిచి, దాని కొలతకే కొత్తది కుడతాడు. కుట్టిందీ ఆదీ కలిపి మడతపెట్టి తిరిగి ఇచ్చేస్తాడు. పార్థసారథి మాత్రం మగవాళ్ళనూ ఆదే అడిగేవాడు. ఇరవై రెండో ఏట, చీరాల షాపులో, పెళ్ళికొడుకొకడికి షేర్వాణీ కొలతలు తీస్తుంటే ఛాతీ మీద టేపు వణికింది. పని నేర్పే మేస్త్రీ చూశాడు. చూశాడంతే. మర్నాటి నుంచి అతను మనిషి ఒంటి మీద టేపు పెట్టలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. కార్డిఫ్ షాపు గోడకు కూడా అట్టముక్క తగిలించాడు: కొలతలు తీయను, సరిపోయే బట్ట ఒకటి తెండి. క్లబ్బువాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు.

ఎమ్లిన్ మొదటిసారి వచ్చినప్పుడు ఆ అట్టముక్క చదివి, తొడుక్కున్న ఆకుపచ్చ వెయిస్ట్‌కోటు అక్కడికక్కడే విప్పి బల్ల మీద పెట్టాడు. దాని మూడో గుండీ వదులు. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని తిప్పుతూ ఉండటం ఆయన అలవాటు. పార్థసారథి దాన్ని బిగించలేదు. తిరిగి ఇవ్వనూ లేదు. ప్రతి ఏడూ ఈ వీధివాళ్ళంతా జెండాలతో తీసే వేసవి ఊరేగింపుకు కొత్తది కుట్టి ఇచ్చేవాడు, ఆది ఇవ్వడం మరచిపోయేవాడు. మిషను పైనున్న మేకుకు అది పదిహేడేళ్ళుగా వేలాడుతోంది.

మూడింటికి ఎమ్లిన్ వచ్చాడు. ఊరేగింపుకు ఇంకా నాలుగు వారాలుంది. కానీ ఈ ఏడు ముందే కావాలన్నాడు, ఎందుకని పార్థసారథి అడగలేదు. వీధంతా ఎండలో ఉంటే ఈయన మందపాటి కోటులో ఉన్నాడు. కోటు విప్పి కొత్త వెయిస్ట్‌కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు.

అది ఆయన ఒంటి మీద హ్యాంగరుకు వేసినట్టు వేలాడింది. రెండు వైపులా పిడికెడు పిడికెడు పట్టు.

పార్థసారథి ఆరు నెలలుగా ఈ మనిషి చిక్కిపోవడం కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాడు. అయినా గుడ్డ కత్తిరించేటప్పుడు మేకు మీది ఆదిని దించాడు, కొలిచాడు, కుట్టేశాడు. ఆది మారదుగా. మనిషి మారాడు. తన మీద తనకే రోత పుట్టింది.

"తప్పు నాదే, మిస్టర్ ఎమ్లిన్," అన్నాడు.

"నీది కాదు. నేనే తగ్గాను." ఎమ్లిన్ గోడ వైపు చూశాడు. "ఇప్పుడేం చేద్దాం? నీ అట్టముక్క ఒప్పుకోదుగా."

పార్థసారథి వెళ్ళి అట్టముక్కను గోడ వైపుకు తిప్పాడు. మెడలోంచి టేపు తీశాడు. ఎమ్లిన్ చేతులు మెల్లగా పైకెత్తాడు, స్నానానికి నిలబడ్డ పిల్లాడిలా. టేపు వీపు చుట్టూ తిప్పి ముందుకు తెచ్చేసరికి పార్థసారథి ముఖం ఆయన భుజానికి తగిలింది. సబ్బు వాసన, దాని కింద మందుల వాసన. ఆది ఛాతీ నలభై రెండు. టేపు ముప్ఫై నాలుగు దగ్గర కలిసింది. అక్కడ పట్టుకున్న వేళ్ళ కింద గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. బయట సముద్రపు పక్షి ఒకటి అరిచి ఊరుకుంది.

"నీ చేతులు వణుకుతున్నాయి," అన్నాడు ఎమ్లిన్.

"అవును." అతను టేపు వదల్లేదు. "పదిహేడేళ్ళ నుంచి. మీరంటే నాకు ప్రాణం."

ఇంగ్లీషులో ఎలా అన్నాడో అతనికే గుర్తులేదు. తెలుగులోనే అన్నాడేమో కూడా. ఎమ్లిన్ ఎత్తిన చేతులు దించి అతని వీపు మీద వేశాడు.

"తెలుసు. బారు వెనక తలుపుకు పదిహేడేళ్ళుగా పగటిపూట తాళం ఎందుకు వేయలేదనుకున్నావు?"

 ఇస్త్రీపెట్టె తనంతట తాను చల్లారింది.

తరువాత పార్థసారథి మిషను ముందు కూర్చున్నాడు. పక్కకుట్లు, వీపు కుట్టు విప్పాడు, ఎనిమిది అంగుళాలు మూడు చోట్లా పంచి లోపలికి తీశాడు. కత్తెర పెట్టలేదు, మిగిలిన గుడ్డ మడిచి లైనింగు కిందే ఉంచేశాడు. బడిపిల్లల గౌన్లకు అలాగే చేసేవాడు చీరాలలో. ఎమ్లిన్ తొడుక్కుని పక్కన తడుముకున్నాడు.

"ఇక్కడ మందంగా ఉందేం?"

"గుడ్డ వదిలాను. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు."

"ఎవరు విప్పుతారు?"

"నేను."

ఎమ్లిన్ నవ్వాడు. ఆకుపచ్చది లేకపోయినా వేలు మూడో గుండీ మీదికే పోయింది. "టైమెంత? నాలుగూ పది. పద, నీకు వీధి చూపిస్తాను. ఎదురుగా కూర్చున్నావు గాని నువ్వొక్క గుమ్మమూ ఎక్కలేదు."

పార్థసారథి షాపుకు తాళం వేశాడు. ఎమ్లిన్ అతని చేయి పట్టుకున్నాడు, కొంత ఆసరాకు, కొంత ఊరికే. పుస్తకాల షాపులో కిటికీ ఎండలో పిల్లి పడుకుని ఉంది, షాపావిడ మోచేతులకు అతను వేసిన అతుకులే. కేకుల షాపులో రోజాపూల కేకు చెరోముక్క పెట్టారు. రెస్టారెంటులో బల్లలు ఇంకా పరచలేదు. ముసలమ్మలు కూర్చునే మూల బల్లను ఎమ్లిన్ చూపించాడు. క్లబ్బులో అద్దాల గోళం ఎండలో నెమ్మదిగా తిరుగుతోంది, వెలుగు చుక్కలు ఇద్దరి ముఖాల మీదా పాకుతున్నాయి. చివరికి పసుపు తలుపు. ముందు నుంచి అది మరీ బరువుగా ఉంది, భుజంతో నెట్టాల్సి వచ్చింది. లోపల బల్లల మీద బోర్లించిన కుర్చీల్లో రెండింటిని దించుకుని ఇద్దరూ టీ తాగారు. ఇదంతా కలలో జరుగుతున్నట్టుంది అతనికి. కలైతే తనకింత ఆకలి వేయదుగా అనుకుని ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు.

బయటికొచ్చేసరికి ఎదురుగా షాపు ముందు స్రవంతి నిలబడి ఉంది. నాలుగున్నర దాటి పదిహేను నిమిషాలు. ఆమె చూసింది. పట్టుకున్న చేతులు చూసింది. పార్థసారథి వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. వదిలేస్తే సరిపోతుంది, డెలివరీ అయిపోతుంది. వదల్లేదు. ఎమ్లిన్‌ను అలాగే నడిపించుకుని రోడ్డు దాటాడు.

"జాకెట్టు కాలేదమ్మా," అన్నాడు.

"పర్లేదంకుల్." ఆమె ఎమ్లిన్ ముఖం వైపు, ఆ సన్నని మెడ వైపు చూసింది. "ఈయన ఎవరంకుల్?"

"నా మనిషమ్మా. ఇవాళ ఊరికి వెళ్ళిపోతున్నాడు."

 అతను తాళం తీయగానే స్రవంతి లోపలికి వెళ్ళి బెంచీ మీది బట్టలు పక్కకు జరిపి ఎమ్లిన్‌కు చోటు చేసింది.

"జాకెట్టు పొద్దున ఏడింటికి తీసుకుంటానంకుల్. లేకపోతే పాతదే వేసుకుంటా. మీరిప్పుడు మిషను ముందు కూర్చోకండి," అంది. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది.

ఐదింటికి కారొచ్చింది. పార్థసారథి మేకు మీది ఆకుపచ్చ వెయిస్ట్‌కోటు దించి, మడతపెట్టి, కిటికీలోంచి అందించాడు. "ఆది. తిరిగి ఇవ్వాలి. ఇన్నేళ్ళూ మరచిపోయాను."

"మరచిపోలేదు," అన్నాడు ఎమ్లిన్. మడత మీద చేయి వేసి, మెల్లగా వెనక్కి తోశాడు. "ఉంచుకో. వచ్చే ఏడు దేని కొలతకు కుడతావు?"

"మళ్ళీ కలుద్దాం, ఎమ్లిన్." మొదటిసారి మిస్టర్ లేకుండా అన్నాడు.

కారు వీధి చివర జెండాల కింద మలుపు తిరిగింది. పార్థసారథి లోపలికొచ్చి స్రవంతి జాకెట్టు చేతులు కుట్టడానికి కూర్చున్నాడు. కన్నీళ్ళు కుట్టు మీద పడకుండా తల పక్కకు తిప్పి కుట్టాడు.

పదకొండో రోజు బారులో పనిచేసే ఆవిడ పసుపు తలుపు తోసుకుని రోడ్డు దాటి వచ్చింది. నిద్రలోనే పోయాడట. కొత్త వెయిస్ట్‌కోటు తొడిగే సాగనంపారట.

"పక్కకుట్లు విప్పారా?" అని అడిగాడు పార్థసారథి.

"లేదు, సరిగ్గా సరిపోయింది."

అతను తల ఊపి మిషను తొక్కడం మొదలుపెట్టాడు. బెంచీ మీద కొత్తగా వచ్చిన మనిషెవరో, దాని సంగతి విని వచ్చాడేమో, అట్టముక్క కోసం వెతుకుతున్నాడు, అది ఇంకా గోడ వైపుకే తిరిగి ఉంది. మిషను అదురుకు పైన మేకుకున్న ఆకుపచ్చ వెయిస్ట్‌కోటు కొద్దిగా కదులుతోంది, వదులుగా ఉన్న మూడో గుండీ దారానికి వేలాడుతూ అటూ ఇటూ తిరుగుతోంది.