పట్టపుటేనుగుకు ఏ తైలం?

ఆ లారీ వయసు ఇరవై తొమ్మిదేళ్లు. ఇంట్లోవాళ్లు దాన్ని పట్టపుటేనుగు అని పిలిచేవారు. నడకలో ఆ గాంభీర్యం ఉన్న మాట నిజమే. మదజలానికీ లోటు లేదు. ఇంజను వెనకనున్న రబ్బరు సీలు ఏనాడో బిరుసెక్కిపోవడంతో, నిలబెట్టిన చోటల్లా నల్లటి ఆయిల్ చుక్కలు రాల్చి తన రాకను లోకానికి చాటేది.

ఈ చుక్కలకు విరుగుడేమిటన్న విషయమై ఆ ఇంట రెండు మతాలు వెలిశాయి. మొదటి మతకర్త లారీకి యజమానీ సారథీ అయిన బావ. ముసలి ఇంజనుకు అలవాటైన మామూలు ఆయిలే అమృతమని ఆయన సిద్ధాంతం. రెండవ మతకర్త స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడే బావమరిది. సింథటిక్ ఆయిల్ పోయనివాడు ఇంజనుకు విషం పెట్టినవాడితో సమానమని అతని వాదం. పదకొండేళ్ల ఈ శాస్త్రచర్చలో ఒకరి మాటను ఒకరు ఒప్పుకున్న పాపాన పోలేదు.

ఇలా ఉండగా, పట్టపుటేనుగుకు కొలువిచ్చిన ఏకైక సంస్థానం, అనగా టైల్స్ గోదాము, కొత్త గచ్చు వేయించి ఒక శాసనం చేసింది. లోపలికి రాదలచిన ప్రతి లారీ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడాలి. వాచ్‌మన్ ఇంజను కింద తెల్లని అట్ట పరుస్తాడు. దానిమీద ఒక్క చుక్క పడిందా, ఆ లారీకి ఇక అక్కడ పని లేదు. పరీక్ష గురువారం పదింటికి. సీలు మార్చాలంటే గేరుబాక్సు దింపాలి. అది నాలుగు రోజుల పని. కబురు అందింది బుధవారం.

ఆ మధ్యాహ్నమే బావ పాత ఆయిల్ మొత్తం దించేశాడు. వాకిట్లో రెండు కొత్త డబ్బాలు ఎదురెదురుగా మోహరించాయి.

"నీ షాపులో అమ్ముడుపోనిదంతా నా బండి తాగాలా?" అన్నాడు బావ.

"ఇన్నాళ్లూ అది తాగింది కషాయం బావా. ఆయిల్ రుచి దానికి తెలీదు, పాపం."

"నువ్వు పలక పట్టుకుని ఏడుస్తున్నప్పుడే అది లోడెత్తిందిరా."

"అందుకే కదా, ముసలిప్రాణానికి ఇప్పుడైనా మంచి తిండి పెట్టమంటున్నా."

బావకు భార్య, బావమరిదికి అక్క అయిన ఇల్లాలు గుమ్మంలోకి వచ్చింది. "పదకొండేళ్లయింది. ఒక్కసారి ఎదుటివాడి మాట వింటే మీ సొమ్మేం పోతుంది? రేపు గేటు మూశారంటే ఆ డబ్బాలు నెత్తిన పెట్టుకుని తిరుగుదురుగాని."

ఆ మాట ఇద్దరికీ గుచ్చుకుంది. ముందు కరిగింది బావ. "సరే లేరా, నీ మాటే కానీ. నీ చేత్తోనే పొయ్యి," అని క్షవరానికి వెళ్లిపోయాడు.

ఒంటరిగా మిగిలిన బావమరిది హృదయం ద్రవించింది. బండి ఆయనది, పెద్దరికం ఆయనది. తాను గెలవడం ఏం మర్యాద? బావే పోసుకుంటాడని మామూలు డబ్బాను ఆయనకు కనబడేలా పెట్టి, తన డబ్బాను స్కూటరు మీద పెట్టుకుని దుకాణానికి పోయాడు. బావ తిరిగొచ్చి చూసేసరికి సింథటిక్ డబ్బా లేదు. పోసేసి ఖాళీ డబ్బా తీసుకుపోయాడనుకున్నాడు. ఓడిన తన డబ్బా ఎదురుగా ఉంటే బావుండదని దాన్ని షెడ్డులో దాచాడు. పొద్దున వచ్చిన బావమరిదికి ఆ డబ్బా కనబడకపోయేసరికి అతని మనసూ కుదుటపడింది. మర్యాద ఎంత ప్రమాదకరమైనదో చరిత్రలో ఇంత స్పష్టంగా ఎన్నడూ రుజువు కాలేదు.

ఎనిమిదింటికి ఇంటి దగ్గరే ఒకసారి అట్ట పరిచి చూశారు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. అట్ట మల్లెపువ్వులా ఉంది.

బావ తాళంచెవి పట్టుకుని సీటెక్కాడు. "ఒప్పుకున్నానురా. నీ ఆయిల్ గొప్పదే."

"వెక్కిరించకు బావా. ఇదంతా నీ ఆయిల్ మహిమే."

"కాదు కాదు, నీదే."

వంటింట్లో గిన్నెలు తోముతున్న ఇల్లాలి చేతులు ఆగిపోయాయి. ఆ ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకుంటున్నారంటే కొంప మునిగిందన్నమాటే. తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి, "ఏమండీ, తాళం తిప్పకండి," అంటూ ఆయిల్ కొలిచే గేజీ బయటకు లాగింది. పొడిగా ఉంది.

"ఇంతకీ పోసిందెవరు?"

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించారు. తాళం తిప్పి ఉంటే ఏనుగు గోదాము చేరకుండానే కీర్తిశేషమయ్యేది.

తేరుకున్న మరుక్షణమే రెండు మతాలూ పునరుజ్జీవం పొందాయి. ఒకరు షెడ్డు వైపు, ఒకరు స్కూటరు వైపు కదలబోతుంటే ఆవిడ అడ్డుకుంది. "ఈ వాకిలి కడిగేది ఎవరు? నేను. నిరుడు మామూలుది దొరక్క నెల్లాళ్లు వీడి సింథటిక్ పోశారు కదా. పాలు పొయ్యిమీద పెట్టి పొంగేలోపు రెండు చుక్కలు. మామూలుదైతే పన్నెండు నిమిషాలకి ఒక్కటి. గడియారం పెట్టి మరీ చూశాను."

"సింథటిక్ లోపలి మురికంతా కడిగేస్తుందక్కా," అన్నాడు తమ్ముడు, పౌరుషంగా.

"ఆ మురికే కదరా ఇన్నాళ్లూ ఆ సీలుని కాపాడింది."

అంతటి శాస్త్రవాక్యం ఆ ఇంట అంతవరకు ఎవరూ పలకలేదు. మామూలు ఆయిల్ పోశారు. ఆవిడ కూడా లారీ ఎక్కింది. గేటు బయటే బండి ఆపించి, ఒక చుక్క రోడ్డు మీద రాలాకనే లోపలికి పోనిచ్చింది. వాచ్‌మన్ అట్ట పరిచాడు. తొమ్మిదో నిమిషానికి సీలు కింద ఒక చుక్క తలెత్తింది. పదో నిమిషానికి శనగగింజంతయింది. వాచ్‌మన్ ఆవలించి, అట్ట లాగి, కాగితం మీద సంతకం పెట్టాడు. అతను వెనుదిరిగాక రాలిన చుక్కను బావమరిది అరచేత పట్టి భద్రపరిచాడు.

"మొదటి లోడు సోమవారం. అప్పటికి కొత్త సీలు పడాలి," అంది ఆవిడ. "మీరిద్దరే వెయ్యాలి."

నాలుగు రోజులు రెండు జతల కాళ్లు మాత్రమే లారీ కింద నుంచి కనిపించాయి. ఆదివారం సాయంత్రం తీగమీద ఆరిన బట్టలు తీస్తున్న ఆవిడకు అక్కడి నుంచి మాటలు వినబడ్డాయి.

"సీలు కొత్తదయింది కదా బావా, ఇప్పుడు సింథటిక్ పోసినా కారదు. అయినా నీ ఇష్టం."

"నాదేముందిరా, నీ మాటే కానీ."

ఆవిడ బట్టల మూట అక్కడే పడేసి గేజీ కోసం పరుగెత్తింది.