పట్టిమన్రంలో తెల్ల పగడాలు

1998 జూన్ 14, ఆదివారం. గుడియాత్తం బస్టాండు పక్కన రెండు ఇడ్లీ, వడకర్రీ తిన్నాను. హోటలాయన అడగకుండానే ఇంకో గరిటె వడకర్రీ పోశాడు. ఒంటరిగా తినేవాళ్లను అతను గుర్తుపడతాడు కాబోలు.

ఆ సాయంత్రం పార్టీ పఠనాలయంలో పట్టిమన్రం, అంటే పక్షాలు పంచుకుని వాదించే సభ. 'భూమి వేడెక్కడం నిజమా, మన పరిశ్రమలను ఆపే ఎత్తా?' అన్నది విషయం. వేలూరు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన నన్ను తిరువేంగడం తన పక్షాన నిలబెట్టాడు. పేర్ణాంబట్టులో తోళ్లు ఊనే టానరీలకు సున్నం పోయేది అతని బట్టీ నుంచే. నా భార్య కోమల పోయాక రోజూ పొద్దుగూకితే నేను కూర్చునేది అతని అరుగు మీదే. నాతో మాట్లాడే ఇల్లు ఇంకోటి లేదు.

"ఎత్తు అనే చెప్పల్ల రాఘవా," అన్నాడు. "పట్టిమన్రంలో ఇచ్చిన పక్కం మాట్లాడేదే మర్యాద. నమ్మినావా అని ఎవుడూ అడగడు."

అదీ నిజమే. ఒప్పుకున్నాను.

ఫ్యాక్టరీలతో బాగుపడిన దేశాలే ఇప్పుడు మనల్ని ఆగమంటున్నాయని మొదలుపెట్టాను. చప్పట్లు కొట్టారు. తర్వాత 'సముద్రానికి ఏమీ కాలేదు' అనాలి. నోరు రాలేదు.

కిందటి నెల కోమల అస్థికలు కలపడానికి రామేశ్వరం పోయాను. పడవవాడు లోతు తక్కువ చోట ఆపి నీళ్లలోకి చూపించాడు. పగడపు దిబ్బలు పాలిపోయి, తెల్లగా ఉన్నాయి. వేడికి ఇట్లా అయ్యాయన్నాడు.

సభలో అదే చెప్పాను. పగడం కట్టుకునే గూడూ, మన బట్టీలో కాలే రాయీ ఒకే పదార్థమన్నాను. కాల్చినప్పుడు పోయే బొగ్గుపులుసు వాయువు ఎక్కడికీ పోదు, పైన చేరి వేడిని పట్టి ఉంచుతుందన్నాను. మన వంతు కొంచెమే కావచ్చు గాని, ఇది ఎత్తు మాత్రం కాదన్నాను.

"యప్పా! ఎలక్షన్ రాకముందే సార్ కూటమి మార్చేసినాడు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

తిరువేంగడం నవ్వలేదు. "ఊర్లో నా బట్టీనే దొరికిందా నీకు?" అన్నాడు మెల్లగా.

సభ అయ్యాక ఎప్పటిలాగే అతని ఇంటికి పోయాను. అరుగు ఖాళీ. లోపల అతని దగ్గు వినబడుతోంది. అతని భార్య పంకజమ్మ గడప దగ్గరికి వచ్చింది.

"పడుకుండారన్నా," అంది తల వంచుకుని. "మజ్జిగ తాగుతారా?"

"వద్దమ్మా. రేపు రానా?"

"రేపు వద్దులే అన్నా. నేనే చెప్పి పంపిస్తా."

మెట్లు దిగి కొంత దూరం పోయి వెనక్కి చూశాను. నేను మలుపు చేరేవరకు ఆమె అక్కడే నిలబడింది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు మూసింది.