మూడో మలుపు దగ్గర వినపడని ఈల

కీరదోసకాయను గుండ్రంగా తరగాలా, నిలువుగా చీల్చాలా అన్నదాని మీద పొద్దున్నే వంటింట్లో వదినా మరదళ్లకు, అంటే ఆ ఇంటి పెద్దమ్మాయికీ తమ్ముడి భార్యకూ, పడింది.

"గుండ్రంగా తరిగితే రొట్టెలోంచి జారిపోతాయి వదినా. నడుస్తూ తినేవాళ్లు మనల్నే తిట్టుకుంటారు," అంది మరదలు.

"నడుస్తూ ఎవరూ తినరు. నేను కూర్చోబెట్టి తినిపిస్తాను."

"అవునులే, లోయంతా నీ సొంతం. ఇదిగో, కత్తి కూడా నీదే."

అమ్మ వచ్చి సగం కాయలు గుండ్రంగా, సగం నిలువుగా తరిగి ఇద్దరి నోళ్లూ మూయించింది. ఎవరిది సబబో ఆవిడ ఎప్పుడూ అడగదు. చప్పుడు ఆగితే చాలు.

కొండ మొదట్లో ఆ వీధికి వాళ్లదే చివరి ఇల్లు. పెరటి తలుపు తీస్తే నది కోసుకుంటూ పోయిన లోయ. పట్నం నుంచి వచ్చినవాళ్లను పొద్దున దింపి, వెలుగుండగానే పైకి తీసుకురావడం వాళ్ల జీవనం. బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాక నాన్న మొదలుపెట్టిన పని అది. బండల మీద అడుగు తడబడదని ఊళ్లో ఆయన్ని ఇప్పటికీ మేకకాళ్ల మాస్టారంటారు. ఆ మాట చెవిన పడితే ఆయన నడుము ఇంకాస్త నిటారుగా లేస్తుంది.

కొన్నేళ్లుగా ముందు నడిచేది పెద్దమ్మాయి. ఇంట్లో ఆమె మాటకు విలువ అంతంతమాత్రం. లోయలో మాత్రం ఆగమంటే డాక్టర్లూ ప్లీడర్లూ కూడా ఎక్కడివాళ్లక్కడ ఆగుతారు. పెళ్లీ వద్దంది, పట్నంలో ఉద్యోగమూ వద్దంది, ఈ ఒక్కటీ ఉంటే చాలనుకుంది.

వరుసకు ముందొకరు, వెనకొకరు ఉంటారు. ప్రతి మలుపూ దాటగానే వెనక మనిషి ఒకసారి ఈల వేయాలి, అందరూ ఉన్నారని. ఆపదొస్తే ఆపకుండా ఊదాలి. ముందున్న మనిషి ఏం జరిగినా జనాన్ని వదలకూడదు. ఈ నియమాలన్నీ నాన్న పెట్టినవే. రోజూ వెనక నడిచే తమ్ముడు జీపు బాగుచేయించడానికి వెళ్లాడు కాబట్టి, ఆ రోజు ఆ పని తనదేనని పట్టుబట్టిందీ నాన్నే.

తిరుగుదారిలో నడుము లోతు నీళ్లు దాటి, మూడో మలుపు తిరిగారు. ఈల లేదు.

పెద్దమ్మాయి కాసేపు చూసింది. జనాన్ని ఎత్తైన బండ మీద కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి వెనక్కి పరుగెత్తింది.

నాన్న నీళ్లకు అవతల ఒడ్డున రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఈల గుప్పిట్లోనే ఉంది.

"బూటులో రాయి దూరింది," అన్నాడు.

"ఈల వెయ్యొచ్చుగా నాన్నా."

"నేనా? నా కోసమా?"

లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. ఆమె వంగి ఆయన్ని భుజాల మీదకు ఎక్కించుకుంది. నడుము లోతు నీళ్లలో ఆయన్ని మోసుకుని ఈవలికి తెచ్చింది. మధ్యలో ఆయన అడిగింది ఒక్కటే: "ఎవరూ చూడట్లేదు కదా?"

మలుపుకు ఇవతలే దింపమన్నాడు. చొక్కా సర్దుకున్నాడు. కర్ర ఊతంతో నాలుగడుగులు వేసి, జనం కనపడగానే గొంతు పెంచాడు.

"ముందున్న మనిషి జనాన్ని వదిలి రాకూడదని ఎన్నిసార్లు చెప్పాను? చిన్న చప్పుడైతే చాలు, కోడిపిల్లలా వెనక్కి ఉరకడమే! వీళ్లకేమన్నా అయితే ఎవరిది పూచీ?"

"పోనీలెండి మాస్టారూ, ఆడపిల్ల, భయపడి ఉంటుంది," అందొక పట్నపావిడ. అందరూ నవ్వారు. అక్కణ్ణించి ఇంటిదాకా పెద్దమ్మాయి ఆయన అడుగుకు సరిపడేలా మెల్లగా నడిచింది. నడక ఇంత నెమ్మదా అని ఒకరిద్దరు విసుక్కున్నారు.

సాయంత్రం బట్టలు నానేస్తూ అమ్మ ఆగింది.

"నీ బట్టలు నడుము దాకా తడిశాయి. ఆయన లాగు తడవలేదేం?"

పెద్దమ్మాయి పెరటి తలుపు దగ్గరగా వేసి, జరిగిందంతా చెప్పింది. "నన్ను తిట్టినందుకు కాదమ్మా. ఇంకోసారి అలా కూలబడితే నీళ్లలో పోతాడు. ఆయన్ని ఇక లోయలోకి దింపకు. నువ్వే ఎలాగోలా ఆపు."

అమ్మ లాగు అంచు చేత్తో తడిమి చూసింది.

"ఆపుతాను. ఆయన మనసు నొచ్చకుండా ఆపుతాను. నువ్వు ఎవరి దగ్గరా నోరు విప్పకు."

పెద్దమ్మాయికి గుండెల మీద బరువు దిగినట్టయింది. ఆ హుషారులో మరదలి వంతు గిన్నెలు కూడా తనే తోమేసింది.

భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక అమ్మ కూర్చుంది.

"రేపట్నుంచి లోయలోకి ఎవరూ దిగరు," అంది.

నాన్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్లు కూతురి మీదకు తిరిగాయి.

"జనాన్ని వదిలేసి ఇది పరుగెత్తిందని ఊళ్లో పాకితే మన గడప ఎవరు తొక్కుతారు? లోయ గట్టు మీది దారి చాలు. ఎక్కే పనీ లేదు, నీళ్లూ లేవు. ఆయన ముందుంటారు, తమ్ముడు వెనక. ఇది ఇంట్లో ఉండి రొట్టెలు సర్దుతుంది."

"మరి అక్కే కావాలని అడిగేవాళ్లకి ఏం చెప్పమంటావు?" అన్నాడు తమ్ముడు.

"దానికి భయం పట్టుకుందని చెప్పు."

మరదలు తల వంచుకుని నవ్వు రాకుండా పెదాలు బిగబట్టింది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. మింగాక, "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా. ఇది ముందు నడిచే మనిషి కాదు," అన్నాడు.

"అమ్మా," అంది పెద్దమ్మాయి. "భయం నాకా?"

అమ్మ నీళ్ల గ్లాసు నాన్న వైపు జరిపింది.

"తినేటప్పుడు మాట్లాడకు," అంది.