శంకరమ్మ చట్టం

తప్పిపోయిన పిల్ల పార్కులోకి వచ్చిందో లేదో గేటు దగ్గర టికెట్లు చూసే శేఖర్‌కే తెలియదు. అందరి ప్రాణాలూ తోడేస్తున్నది అదే.

"టికెట్ ఇస్తే గద అక్కా తెల్సేది! పన్నెండేండ్ల లోపటోళ్లకు ఫ్రీ అన్నరు. గుంపులు గుంపులుగ ఉరికొస్తున్నరు. ఎవ్వల్నని జూడాలె?" అన్నాడు శేఖర్. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

శంకరమ్మ ఏమంటుంది? పిల్లలకు ఫ్రీ అనే ఆ చట్టం కోసం కాళ్లరిగేలా తిరిగింది తనే. శామీర్‌పేట పక్కన ఈ చెరువుగట్టు పార్కులో చేపల వేపుడు అమ్ముకుంటూ, లోపలికి రాలేక గేటు ఊచలు పట్టుకుని చూసే పిల్లల్ని ఏళ్లతరబడి చూసింది. కడుపు మండిపోయేది. చెరువులో చేపలు పట్టే బెస్తల సంఘం తరఫున పట్నం పోయి, కమిటీ ముందు మైకు పట్టుకుని రెండే అడిగింది. పిల్లలకు గేటు రుసుం తీసెయ్యాలి, చెరువులో చేపపిల్లలు దాక్కోవడానికి సిమెంటు దిబ్బలు వేయించాలి. పెద్దల టికెట్ డబ్బులో కొంత ఆ దిబ్బలకే పోవాలని, రెండూ ఒకే బిల్లుగా శాసనసభలో గట్టెక్కాయి. ఊళ్లోవాళ్లు దాన్ని శంకరమ్మ చట్టం అని ఆటపట్టించేవారు. ఆమె కూడా మురిసిపోయేది, ఎందుకు దాచాలి? మొదటి విడత దిబ్బలు ఈ ఎండాకాలమే నీళ్లలో దిగాయి. చేపలు చేరాయని అధికారులు తేల్చితేనే మిగతావాటికి నిధులు. ఇప్పటిదాకా అక్కడ ఒక్క చేపను చూసిన పాపాన ఎవరూ పోలేదు.

"నేను టికెట్ల లైన్లో ఉన్నానండీ. పిల్లలకి ఫ్రీ కదా అని కాలనీ పిల్లలతో ముందుకు పరిగెత్తింది. వాళ్లేమో మాతో లేదంటున్నారు!" గేటు దగ్గర ఒకావిడ గొంతు చించుకుంటోంది. ఆమె పేరు సీతామహాలక్ష్మి. కోస్తా నుంచి వచ్చి బహదూర్‌పల్లిలో ఇల్లు కొనుక్కున్నారు. "శ్రీదివ్య అండీ, ఎనిమిదేళ్లు. పసుప్పచ్చ గౌను వేసుకుంది."

పసుప్పచ్చ గౌను అనగానే శంకరమ్మ చేతిలోని గరిటె జారిపోయింది.

ఇందాక ఆ గౌను పిల్ల తన బండి దగ్గరికే వచ్చింది. దిబ్బల గుర్తుకు నీళ్ల మధ్య తేలుతున్న నీలం డబ్బాలు చూపించి, "అవేంటి ఆంటీ?" అంది. "గవా? చేపల ఇండ్లు బిడ్డా. డబ్బాల కింద ఉన్నయి. దర్వాజలు గూడ వెట్టిన్రు" అని తనే ఊరించి చెప్పింది.

పిల్లను వెతికేవాళ్లలో సగం మంది గేటు దాటి రోడ్డు మీదికి, బస్టాండు వైపు పరిగెత్తుతున్నారు. పడమట మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. ఇప్పుడు నోరు విప్పితే? ఆ దిబ్బలు ఎవరో ఒకరి ప్రాణం తీస్తాయని మొదట్నుంచీ గోల చేసేవాళ్లున్నారు. సంఘం నోటికాడి కూడు పోతుంది. ఆమె వంగి గరిటె తీసుకుంది. అంతసేపే ఆగింది. ఆ మాత్రం ఆగినందుకే తనమీద తనకు అసహ్యం వేసింది.

"రోడ్డు మీదికి ఉరకకున్రి!" అని అరిచింది. "పిల్ల లోపల్నే ఉన్నది. నేను జూసిన. ఆ చేపల ఇండ్ల సంగతి నేనే జెప్పిన."

సీతామహాలక్ష్మి వచ్చి ఆమె రెట్ట పట్టుకుంది. "చెప్పి వదిలేశావా? పసిపిల్లకి నీళ్లు చూపించి వదిలేశావా?"

శంకరమ్మ రెట్ట విడిపించుకుని గట్టు మీదికి పరిగెత్తింది.

సంఘం వాళ్లు చేపలకు పోయే థర్మోకోల్ తెప్పలు ఒడ్డున ఉండాలి, వాటిలో ఒకటి లేదు. అది దూరంగా తుంగలో బోర్లాపడి ఊగుతోంది. దాని మీద ఎవరూ లేరు. వెనకే వచ్చిన సీతామహాలక్ష్మి అది చూసి కూలబడిపోయింది. అప్పటికే శంకరమ్మ మొగుడు ఎల్లయ్య, సంఘం మనుషులు లాగుడు వల మోసుకొచ్చారు.

"వల వద్దు!" అంది శంకరమ్మ.

"నీకు పిచ్చి లేసిందా? వానొస్తాంది. వల గాకుంటే ఇంకేంది?" అన్నాడు ఎల్లయ్య.

"ఆ దిబ్బలకు చిక్కుకుంటది. పిల్ల ఆడనే ఉంటే? వల కింద వడ్తది. నాకు తెప్ప ఇయ్యి."

ఎల్లయ్య ఆమె మొహం చూశాడు. వల కింద పడేసి తెప్ప నీళ్లలోకి తోశాడు.

ఆమె బోర్లా పడుకుని రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ పోయింది. గాలి ఎదురు కొడుతోంది. "బిడ్డా!" అని పిలిస్తే ఆ పిలుపు తిరిగి తన మొహానికే తగులుతోంది. మొదటి డబ్బా దగ్గర ఏమీ లేదు. రెండో డబ్బా దగ్గరా లేదు. మైసమ్మ తల్లీ, నా నోరు పడిపోనీ, పిల్లను మాత్రం ఉంచు అని మొక్కుకుంది. ఇంతలో తటాలున మెరిసింది. ఆ వెలుగులో చివరి డబ్బా వెనక పసుప్పచ్చగా ఏదో కదిలింది.

పిల్ల డబ్బాను రెండు చేతులా వాటేసుకుని ఉంది. మునిగిన దిబ్బ మీద మునివేళ్లపై నిలబడింది. నీళ్లు గొంతు దాకా ఉన్నాయి. ఈ ఎండలకు చెరువు తగ్గబట్టి సరిపోయింది.

శంకరమ్మ ఒక్క ఊపున పైకి లాగి గుండెకు అదుముకుంది. పిల్ల పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఆంటీ... చేపలు ఇంట్లోనే ఉన్నాయి. నా కాళ్లు కొరికాయి."

నెలల తరబడి సంఘమంతా ఎదురుచూసిన కబురది. శంకరమ్మకు ఆ క్షణాన చేపలూ వద్దు, నిధులూ వద్దు. పిల్ల తడి జుట్టులో మొహం పెట్టుకుని బావురుమంది. ఒడ్డుకు చేరాక సీతామహాలక్ష్మి కూతుర్ని లాక్కుని గేటు వైపు వెళ్లిపోయింది.

మళ్లీ ఆదివారం శంకరమ్మ బండి పెట్టలేదు. వల అల్లే నైలాన్ దారం ఉండ ఒళ్లో పెట్టుకుని గేటు లోపల కూర్చుంది. వచ్చిన ప్రతి పిల్ల చేతికీ ఒక ముక్క కట్టి, అలాంటిదే ఇంకో ముక్కను తన పక్కనున్న గంపలో వేస్తోంది. బయటికి పోయేటప్పుడు ఆమె దగ్గరే తెంపించుకోవాలి, అప్పుడు గంపలోంచీ ఒకటి తీసేస్తుంది. గంపలో ఎన్ని మిగిలితే అంతమంది పిల్లలు ఇంకా లోపల ఉన్నట్టు.

"అక్కా, గిది చట్టంల లేదు" అన్నాడు శేఖర్ నసుగుతూ.

"లేకుంటే నేను రాసుకుంట. నువ్వు పక్కకు జరుగు."

అంతలో ఆమె ముందుకు ఒక చిన్న చెయ్యి వచ్చింది. తలెత్తితే శ్రీదివ్య. వెనక సీతామహాలక్ష్మి నిలబడి ఉంది. శంకరమ్మ దారం ముక్క తెంపింది. ఆ చేతికి ముడి వేసింది.

"ఇంకో ముడి వెయ్యండి, శంకరమ్మగారూ" అంది సీతామహాలక్ష్మి. "అది నిలకడగా ఉండే పిల్ల కాదు."