చివరి మాట రిహార్సల్లో అనకూడదు

ఆంబ్రోస్ పెంగెల్లీకి ఇరవయ్యో ఏటినుంచీ ముసలి వేషాలే. చాదస్తపు తండ్రులు, పిసినారి మామలు, కాళ్లీడ్చుకుంటూ నడిచే లాయర్లు. ఆయన గడ్డం అంటించుకుని స్టేజి మీదికి వస్తే చాలు, మాంచెస్టర్ జనం నవ్వడం మొదలుపెట్టేవారు. ఆ వేషాలు చాలక తనకోసం తానే నాటకాలు కూడా రాసుకునేవాడు. ఈసారి రాసింది మాత్రం నవ్వించేది కాదు.

ఆయన కూతురు లెటీ ఒక బూర వాయించేవాడితో వెళ్లిపోయింది. మళ్లీ గడప తొక్కనివ్వనని పెంగెల్లీ ఒట్టు పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఆ పిల్ల వానలో తడుస్తూ వచ్చి తలుపు తట్టింది. తట్టిందెవరో తెలిసీ పెద్దమనిషి కుర్చీలోంచి లేవలేదు. అన్నమాట మీద నిలబడాలి కదా మరి! ఆ వారంలోనే లెటీ ఎక్కడో అద్దెగదిలో జ్వరంతో పోయింది.

ఆ కథతోనే రాసిన ఈ నాటకంలో, తనే వేసే తండ్రి మాత్రం కరుగుతాడు. తలుపు చప్పుడు వినగానే "గడియ వెయ్యలేదు, లోపలికి రామ్మా" అంటాడు. కూతురు వస్తుంది, తెర పడుతుంది.

అయితే అక్కడి నాటకాలవాళ్లకు ఒక పట్టింపు ఉంది. ఆఖరి మాటను మొదటి ప్రదర్శన దాకా ఎవరూ పైకి అనకూడదు, అంటే ఆట మునుగుతుంది. అందుకని రిహార్సల్లో అక్కడికి రాగానే పెంగెల్లీ చెయ్యి ఊపేసేవాడు, అందరూ టీకి లేచేవారు.

ఒక ఉదయం ఆయన చెయ్యి ఊపబోతుండగా సెట్టు తలుపు చప్పుడైంది. కూతురి వేషం వేసే నోరా ఆయన ఎదుటే కూర్చుని బూటు ముడి వేసుకుంటోంది. వెళ్లి చూస్తే తలుపు వెనక ఎవరూ లేరు. ఆనాటినుంచి రోజూ అదే చప్పుడు, మెల్లగా, భయంభయంగా. లెటీ చెయ్యి ఆయనకు తెలియదా? ఆయనకు తిండి సయించడం మానేసింది.

చివరి రిహార్సల్ నాడు ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు.

"అనెయ్యండి పెంగెల్లీ గారూ," అంది నోరా. "ఎవరో పాపం, ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నారు."

"ఆట పోతుందమ్మాయ్. రేపు అంటాగా."

"రేపటిదాకా ఉంటుందా?"

ఆయన చెయ్యి ఊపాడు. చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు హాలు కిటకిటలాడింది. చివర్లో తలుపు గట్టిగా, ధీమాగా చప్పుడైంది. అది నోరా చెయ్యి. రెండో చప్పుడు కోసం పెంగెల్లీ ఎదురుచూశాడు. పక్కనుంచి మాట అందించేవాడు అందించి అందించి విసిగిపోయాడు. చివరికి ఆ మాట అన్నాడు. నోరా లోపలికి వచ్చింది. ఆమె భుజం మీదుగా చూశాడు, తలుపు వెనక తాళ్లు, గుడ్డలు తప్ప ఏమీ లేవు. ఆ పిల్లను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. హాలంతా లేచి నిలబడింది.

అంతసేపు మౌనంగా ఆగడం ఎంత గొప్ప నటనో అని పత్రికలు మెచ్చుకున్నాయి. ఆట చలికాలమంతా ఆడింది. రోజూ ఆయన అంతసేపూ ఆగేవాడు. రోజూ నోరా ఒక్కతే వచ్చేది.