గాజుతొట్టిలో ఇసుక

నాలుగు చేపల్లో ఆఖరిది కూడా పైకొచ్చి నోరు తెరిచేసరికి హనుమండ్లు చేతిలోని తుడుపుగుడ్డ జారి నేల మీద పడింది.

మందమర్రిలో బొగ్గుగని మేనేజరు దొర బంగళాలో ఆ గాజుతొట్టి బాగోగులు చూడడమే మూడు నెలలుగా అతని పని. అంతకుముందు పద్దెనిమిదేళ్లు గనిలో బొగ్గు తీసిన ఖాళీల్లో ఇసుక నింపాడు. పది మెట్లెక్కితే గోడ పట్టుకోవాల్సి వస్తుంటే దొర జాలిపడి ఈ పని ఇచ్చాడు. చేపలు చస్తే మళ్లీ గనిలోకేనని ముందే చెప్పాడు. ఈ ఊపిరితో గనిలోకి దిగితే ఏమవుతుందో హనుమండ్లుకు తెలుసు.

దొర హైదరాబాదు నుంచి నాలుగు గంటల బండికి వస్తాడు. గడియారం రెండు కొట్టింది.

"నీళ్లు మార్చినవా అన్నా?" వంటమనిషి ముంతాజ్ గుమ్మంలోంచి అడిగింది.

"మొన్ననే మార్చిన. గీ రోగం నీళ్లది కాదక్కా."

మోకాళ్ల మీద కూర్చుని అద్దానికి ముక్కు ఆనించాడు. అడుగున జానెడు మందాన ఇసుక. తానే అరచేత్తో అదిమి అదిమి నేలలా గట్టిపరిచాడు. గనిలో ఇసుక వదులుగా ఉంటే పైకప్పు కూలుతుంది. ఇక్కడ కూలడానికి కప్పేదీ? ఆ ముక్క అతని బుర్రకు తట్టనే లేదు. అద్దం పక్కన ఇసుక నల్లబడి ఉంది. వేలు గుచ్చితే బుడగ లేచి కుళ్లిన గుడ్డు కంపు కొట్టింది. గాలాడని చోట విషగాలి పుడుతుందని గనిలో పనిచేసిన అతనికి ఒకరు చెప్పాలా? తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్కా, గోలెం నిండ మంచినీళ్లు తే జర."

చేపలను ఒక్కొక్కటిగా దోసిట పట్టి గోలెంలో వదిలాడు. తొట్టి నీళ్లు తోడిపోశాడు. నల్ల ఇసుకను గంపకెత్తి పెరట్లోని బావి దగ్గర తేటనీళ్లు వచ్చేదాకా కడిగాడు. గంప గంపకూ గోడ పట్టుకుని ఆగాడు. ఊపిరి తీస్తే ఛాతీ ఈల వేస్తోంది.

"కూసో అన్నా, నేను మోస్త."

"నువ్వు మోస్తే నాకెందుకు జీతం?" నవ్వబోయి దగ్గాడు.

ఈసారి రెండు వేళ్ల మందమే పోశాడు. అదమలేదు. వెదురుపుల్లతో నెమ్మదిగా దువ్వి, పుల్లను ఇసుకలోనే గుచ్చి, కొత్తనీళ్లు పోసి చేపలను వదిలాడు. అవి పైపైనే తిరిగాయి. అతను రెప్ప వేయలేదు. చాలాసేపటికి ఒకటి కిందికి దిగింది. తర్వాత ఇంకొకటి. ఆఖరిది కూడా దిగి ఇసుకలో మూతి పెట్టి వెతుక్కుంటుంటే అతనికి పట్టలేనంత సంతోషమైంది.

"దిగినయి ముంతాజక్కా" అని గోడకు చేరగిలబడ్డాడు.

ఆమె చాయ్ తెచ్చేసరికి వాకిట్లో జీపు ఆగింది.

"లే అన్నా, దొర వచ్చిండు."

లేవలేదు. భుజం తడితే తల పక్కకు వాలింది. చాయ్ కింద పెట్టి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దొర లోపలికి వచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తొట్టిలో, దువ్విన ఇసుకలో ఓ పక్కకు ఒరిగిన వెదురుపుల్ల చేప తగిలినప్పుడల్లా కొంచెం కదులుతోంది.